డంకన్ ఎడ్వర్డ్స్

ఇంగ్లండు దేశపు నడిభాగమున డడ్లీ యను పట్టణము కలదు. ఒకప్పుడు ఆ ప్రాంతమంతయు బొగ్గుగనులతోను, ఇనుప కొలుములతోను నిండియుండెడిది. ఆ బొగ్గువలనను, ఆ పొగవలనను దానికి నల్లసీమ యను పేరు వచ్చినదందురు. ఆ పట్టణపు శ్మశానవాటికలోని యొక సమాధి కడకు అరువదియేండ్లకు పైగా జనులు వచ్చుచునే యున్నారు. నేడు వచ్చువారిలో పెక్కుమంది, అందు నిద్రించుచున్నవాని ఆటను చూచినవారు కారు. తండ్రులు, తాతలు చెప్పగా విన్నవారు. ఎఱుపు తెలుపుల కండువా నొకదానిని రాతికి చుట్టి, పూలగుత్తి నుంచి, కొంతసేపు మౌనముగా నిలిచి వెడలిపోవుదురు. అచ్చట నున్నవాడు రాజు కాడు, సేనాని కాడు. 21 యేండ్లకే మరణించిన ఫుట్‌బాలు ఆటగాడు. అతని పేరు డంకన్ ఎడ్వర్డ్స్.

డంకన్ 1936వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన డడ్లీలో జన్మించెను. తండ్రి గ్లాడ్‌స్టన్ ఇనుప కర్మాగారములో పనివాడు. తల్లి సారా ఆన్. వారికి తరువాత ఒక ఆడుబిడ్డ కలిగెను గాని, ఆమె 1947లో కొన్ని వారముల పసికందుగా నుండగనే కన్నుమూసెను. ఇక ఆ దంపతుల ఆశలన్నియు డంకను మీదనే నిలిచెను.

బాలుడు వయసునకు మించిన దేహపుష్టి గలవాడు. వీధిలోనైనను, మైదానములోనైనను తనకంటె పెద్దవారితో సమముగా బంతి నాడెడివాడు. విచిత్రమేమనగా, అతడు నృత్యమునందును నేర్పరియే. కాళ్లకు చిరుగజ్జెలు కట్టుకొని, మన కోలాటమువలె కఱ్ఱలు తాటించుచు ఆడెడి మోరిస్ అను ప్రాచీన జానపద నృత్యము ఆ దేశమున కలదు. ఆ నృత్యోత్సవమునకు అతడు ఎంపికయ్యెను. అదే దినమున బాలుర ఫుట్‌బాలు జట్టునకు పరీక్షయు జరుగుచుండెను. రెంటిలో నొకటి విడువవలసి వచ్చినప్పుడు అతడు బంతినే కోరుకొనెను. 1950లో, పదుమూడేండ్ల ప్రాయమున, లండనులోని వెంబ్లీ మైదానమున ఇంగ్లండు బాలుర జట్టులో వేల్సు బాలురపై ఆడెను.

ఆ కాలమున మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బునకు మాట్ బస్బీ మేనేజరుగా నుండెను. పేరుపడిన ఆటగాండ్రను ధనమిచ్చి కొనుటకంటె, బాలురను చేరదీసి తీర్చిదిద్దుట మేలని అతని నమ్మకము. ఆ యువకులకు ప్రజలు బస్బీ పిల్లలని పేరు పెట్టిరి. డడ్లీకి చేరువలోనే వేఱు ప్రసిద్ధ క్లబ్బు లున్నను, డంకను 1952లో మాంచెస్టరునకే పోయెను. మరుసటి యేడు ఏప్రిల్ 4వ తేదీన పెద్దల జట్టులో తొలిసారి దిగినపుడు అతని వయస్సు పదునాఱేండ్ల ఆఱునెలలు. ఆ దినమున కార్డిఫ్ జట్టు చేతిలో మాంచెస్టరు 4-1తో ఓడిపోయెను. గొప్పవారి ప్రారంభములన్నియు విజయములు కావలెనను నియమము లేదు గదా!

అతని ఆటలో విశేషమేమి? ఎడమకాలు కుడికాలు అను భేదము లేకుండ రెంటితోను బంతిని బలముగా తన్నగలడు. దాదాపు ఆరడుగుల యెత్తు, విశాలమైన వక్షము. అతని స్థానము నడుమ వరుసలో ఎడమవైపు. అయినను వెనుక నిలిచి గోలును కాపాడుమన్నను, ముందునకుపోయి గోలు చేయుమన్నను చేయగలడు. తరువాతి కాలమున ఇంగ్లండులోనెల్ల ప్రఖ్యాతుడైన బాబీ చార్ల్‌టన్ అతని సహచరుడు. ఇరువురును సైన్యములో నిర్బంధసేవ చేయునపుడు ఒకే శిబిరమున నుండిరి. తన్ను చిన్నవానిగా భావింపజేసిన ఆటగాడు డంకను ఒక్కడే యని చార్ల్‌టన్ జీవితాంతము చెప్పుచుండెడివాడు.

మైదానమున సింహమువంటి ఆ యువకుడు బయట మిక్కిలి సిగ్గరి. మద్యము ముట్టడు. చేపలు పట్టుట, సినిమా చూచుట అతని వినోదములు. ఆటకు సైకిలుపై వచ్చెడివాడు. ఆటగాండ్రకు ఇంతకు మించి జీత మీయరాదను నిబంధన ఇంగ్లండులో 1961 వరకు ఉండెను. కావున ఎంతటి కీర్తి వచ్చినను ఐశ్వర్యము రాలేదు.

1955లో ఇంగ్లండు జట్టు స్కాట్లండును 7-2తో ఓడించిన ఆటలో డంకను తొలిసారి దేశము పక్షమున ఆడెను. అప్పటికి అతనికి పదునెనిమిదేండ్ల ఆఱునెలలు. మరుసటియేడు బెర్లినులో, నాటి ప్రపంచ విజేతలైన పశ్చిమ జర్మనులపై అతడు చేసిన గోలు ఆ దేశీయులు చిరకాలము చెప్పుకొనదగినదయ్యెను. 1956, 1957 సంవత్సరములలో మాంచెస్టరు వరుసగా ఇంగ్లండు లీగు విజేత యయ్యెను. యూరపు క్లబ్బుల పోటీలలో కూడ ఆ జట్టు పాల్గొనసాగెను. ఆ పోటీలే ఆ యువకులను విమానము లెక్కించినవి.

1958వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన లండనులో ఆర్సెనల్ జట్టును మాంచెస్టరు 5-4తో గెలిచెను. తొలి గోలు డంకనుది. స్వదేశమున ప్రజలు అతనిని చూచుట అదే కడపటిది. 5వ తేదీన బెల్‌గ్రేడు నగరమున రెడ్ స్టార్ జట్టుతో 3-3గా ఆడి, పోటీలో ముందునకు సాగిరి. మరునాడు తిరుగు ప్రయాణమున విమానము ఇంధనముకొఱకు మ్యూనిక్‌లో దిగెను. మంచు కురియుచుండెను. విమానమును పైకి లేపుటకు రెండుమార్లు యత్నించి విఫలులైరి. ప్రయాణికులను దించివేసిరి. ఇక ఆనాడు ప్రయాణము సాగదని తలచి డంకను, మాంచెస్టరులో తాను బస చేయుచున్న ఇంటి యజమానురాలికి, మరునాడు వత్తునని తంతి పంపెను. కాని కొంతసేపటికే అందఱిని మరల విమానమెక్కుడని పిలిచిరి.

మధ్యాహ్నము 3 గంటల 4 నిమిషములకు, మూడవ యత్నమున, నేలపై పేరుకొన్న మంచుబురద చక్రముల వేగమును హరించెను. విమానము పైకి లేవక, కంచెను దాటి, ఒక యింటిని ఢీకొని ముక్కలయ్యెను. అందున్న 44 మందిలో 23 మంది మృతిచెందిరి. తొలుత తప్పంతయు పైలటుదే యని జర్మను అధికారులు నిందించిరి. ఆ నింద తొలగుటకు పదేండ్లకు పైగా పట్టెను.

ఏడుగురు ఆటగాండ్రు అక్కడికక్కడే మరణించిరి. డంకను కాలు విరిగెను, మూత్రపిండములు చెడిపోయెను. జర్మను వైద్యులు వేఱొక నగరమునుండి కృత్రిమ మూత్రపిండ యంత్రమును తెప్పించి రాత్రింబవళ్లు శ్రమించిరి. బస్బీకి సహాయకుడైన జిమ్మీ మర్ఫీ చూడవచ్చినపుడు, శనివారపు ఆట ఎన్నిగంటలకని రోగి అడిగెనని చెప్పుదురు. ఈలోగా 19వ తేదీన మాంచెస్టరు తిరిగి ఆడవలసి వచ్చెను. ప్రేక్షకుల కిచ్చిన ఆట పత్రికలో ఆటగాండ్ర పేర్లుండవలసిన పదునొకండు చోట్లను ఖాళీగా వదలి ముద్రించిరి. ఎవరు ఆడుదురో ముద్రణనాటికి ఎవరికిని తెలియదు. ఆ రాత్రి మాంచెస్టరు గెలిచెను. డంకను ఇంకను బ్రతికియే యుండెను. రెండు దినముల తరువాత, ఫిబ్రవరి 21వ తేదీ వేకువజామున, పదునైదు దినముల పోరాటము ముగిసెను.

డడ్లీలో అతని అంత్యక్రియల నాడు వేలకొలది జనులు వీధులకిరువైపుల నిలిచిరి. చిన్ననాడే పోయిన చెల్లెలి ప్రక్కనే అతనిని ఖననము చేసిరి.

లెక్కలు చూచినచో అతని జీవితము చిన్నది: క్లబ్బునకు 177 ఆటలు, 21 గోలులు, దేశమునకు 18 ఆటలు, 5 గోలులు. అతని ఆటను చూపు చలనచిత్రములును కొద్దియే. యౌవనమున మరణించినవారిని జ్ఞాపకము మరింత పెద్దవారిని చేయుననుట నిజమే. కాని ఈతని విషయమున, ప్రక్కన ఆడినవారును, ఎదుట ఆడినవారును ఒకే మాట చెప్పుటను త్రోసివేయజాలము. 1961లో డడ్లీలోని సెయింట్ ఫ్రాన్సిస్ దేవాలయమున అతని రూపముగల రంగుటద్దముల కిటికీలను బస్బీ ఆవిష్కరించెను. 1996లో తపాలాబిళ్ల వెలువడెను. 1999లో పట్టణ మధ్యమున కంచువిగ్రహము నిలిపిరి. వృద్ధురాలైన తల్లి ఆ ఉత్సవమునకు వచ్చెను. మాంచెస్టరు క్రీడామైదానపు గోడపై మ్యూనిక్ పేరుగల గడియారము కలదు. ప్రతి యేడు ఫిబ్రవరి 6వ తేదీన అభిమానులు దానిక్రింద గుమికూడి, 3 గంటల 4 నిమిషములకు తలలు వంచుదురు. మ్యూనిక్‌లో ప్రమాదము జరిగిన తావునకు 2008లో మాంచెస్టరు పేరే పెట్టిరి.

కుమారుడు పోయిన పిమ్మట గ్లాడ్‌స్టన్ ఇనుప కర్మాగారము విడిచి, ఆ శ్మశానవాటికలోనే తోటమాలిగా చేరెను. దూరప్రాంతములనుండి వచ్చినవారు చేతిలో పూలతో, ఆ సమాధి ఎటనున్నదని అతనిని అడిగెడివారు. తానెవరో చెప్పకయే అతడు వారికి త్రోవ చూపి, తన పనికి తాను మరలిపోయెడివాడు.