ముత్యములు పండించిన మికిమోటో

స్వాతికార్తెలో కురిసిన వానచినుకు చిప్పలో పడి ముత్యమగునని మన పెద్దలు చెప్పుచుందురు. కవులకు ఆ మాట చాలును. ముత్యములను నమ్ముకొని బ్రదుకదలచిన వానికి అది చాలదు. అట్లు బ్రదుకదలచినవాడు జపాను దేశీయుడగు కోకిచి మికిమోటో.

అతడు 1858వ సంవత్సరమున తోబా అను రేవుపట్టణమున జన్మించెను. తండ్రి గోధుమపిండితో సేమ్యావంటి వంటకము చేసి అమ్ముచుండెను. రాబడి స్వల్పము. పెద్దకొడుకగుటచే కోకిచికి చదువు సాగలేదు. చిన్ననాడే కూరగాయలు అమ్ముటకు పూనుకొనెను. పిదప సముద్రపు సరకుల వర్తకము పట్టెను. జనులు ముత్యముల కాశపడి చిప్పలను అదుపులేక తీయుచుండుటయు, తన ఊరి సముద్రమున అవి అరుదగుచుండుటయు ఆ వర్తకములోనే అతనికి తెలిసెను. పైరువలె వానిని పెంచవలెనని 1888లో సమీపమునగల అగో అఖాతమున పని ప్రారంభించెను. కాని చిప్పలు పెరిగినంత మాత్రమున ముత్యములు పుట్టవు కదా!

1890లో అతడు టోక్యో విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రాచార్యుడగు కాకిచి మిత్సుకురిని ఆశ్రయించెను. ఆయన అమెరికాలో చదివి వచ్చిన పండితుడు. ఇతడు బడి చదువు లేని వర్తకుడు. అయినను ఇరువురకు పొత్తు కుదిరెను. చిప్పలోని జీవి దేహమును కప్పి మెత్తని పొర యొకటి ఉండును. చిప్ప లోపలి మెఱుపు పూతను స్రవించునది ఆ పొరయే. పరాయి వస్తువేదేని లోపల చొచ్చి ఒరసికొన్నచో, జీవి దానిని వెలికి నెట్టలేక, ఆ మెఱుపునే దానిపై పొరలు పొరలుగా పూయును. మనుష్యుడే ఒక నలుసును లోపల ఉంచినచో ముత్యము పుట్టవచ్చునని ఆచార్యుడు బోధించెను.

అయితే ఏ నలుసు? ఎంతటిది? ఎచ్చట ఉంచవలెను? చిప్పను ఎంత లోతున దింపవలెను? ఇవి ఆచార్యునికిని తెలియవు. కోకిచి గాజు, పగడము, చిప్పముక్క మొదలగు వానినెల్ల ఉంచి చూచెను. కొన్ని చిప్పలు నలుసును కక్కివైచెను, కొన్ని చచ్చెను. ఫలితము తెలియుటకు ఏండ్లు పట్టుచుండెను. అప్పులు పెరిగెను.

1892లో అగో అఖాతపు నీరు ఎఱ్ఱబారెను. కంటి కగపడని సూక్ష్మజీవులు లెక్కకు మిక్కిలిగా పెరిగి నీటిలోని ప్రాణవాయువును హరించుటచే చిప్పలన్నియు చచ్చెను. ఒక్క రాత్రిలో చెరువునిండ రొయ్యలు తేలిపోవుట చూచిన కృష్ణా గోదావరి తీరముల బాలురకు ఈ దుఃఖము వేరుగ చెప్పనక్కరలేదు. అదృష్టవశమున అతడు కొన్ని చిప్పలను తోబా చెంతనున్న ఓజిమా ద్వీపమున విడిగా పెంచుచుండెను. ఎఱ్ఱనీరు అచ్చటికి రాలేదు. 1893 జులై 11వ తేదీన భార్య ఉమేతో కూడి అచ్చటి చిప్పలను తెరచి చూడగా అర్ధగోళాకారపు ముత్యము మెఱసెను. 1896లో దానిపై పేటెంటు హక్కు లభించెను. ఆ యేటనే ఉమే మరణించెను. అప్పులదినములలో తోడుండిన ఆ యిల్లాలు సిరిని చూడనేలేదు.

1905లో మరల నీరు ఎఱ్ఱబారెను. ఈ పర్యాయము చచ్చినవి 8,50,000 చిప్పలు. ఆ కుళ్ళు నడుమ కూర్చుండి అతడు చచ్చిన చిప్పలను ఒక్కొక్కటిగ పరీక్షించెను. వానిలో అయిదు ముత్యములు సంపూర్ణముగ గుండ్రనివి!

గుండ్రని ముత్యముల కీర్తినంతయు మికిమోటోకే కట్టబెట్టుట న్యాయము కాదు. పూసతోపాటు మరియొక చిప్పనుండి కోసిన పొరముక్కను కూడ ఉంచవలెనని కనుగొన్నవారు తత్సుహెయి మిసె, తోకిచి నిషికావా అను ఇరువురు. నిషికావా మిత్సుకురి శిష్యుడు, మికిమోటోకు అల్లుడు. 1909లో చిన్నవయస్సుననే గతించెను. నేడు లోకమంతట అనుసరించు పద్ధతి వారిదే. దానిని వేలకొలది చిప్పలపై నడిపి, ఊరూర అమ్మి చూపినవాడు మాత్రము మామగారే.

ఐరోపా వర్తకులు ఇవి కృత్రిమములని గోల పెట్టిరి. వివాదము ప్యారిస్ న్యాయస్థానము వరకు పోయెను. 1924లో మికిమోటో పక్షమే నెగ్గెను. అతడు 1954లో తన 96వ యేట మరణించెను. తొలి ముత్యము దొరకిన ఓజిమాను ఇప్పుడు ముత్యాల ద్వీపమని పిలుచుచున్నారు. చిప్పలకై పూర్వము మునిగిన స్త్రీలవలె తెల్లని దుస్తులు ధరించి, నేటికిని అచ్చట స్త్రీలు నీట మునిగి యాత్రికులకు ఆ విద్యను చూపుచున్నారు.