నక్షత్రకాంతిని కొలిచిన వైను బప్పు

వివాహవేళ వధూవరులకు అరుంధతిని చూపుట మన పూర్వాచారము. కాని ఒక చుక్క యెంత దూరమున నున్నదో, దాని నిజమైన కాంతి యెంతయో కంటితో చూచి చెప్పుట యసాధ్యము. రాత్రివేళ పొలముగట్టున నిలిచి దీపమును చూచినవారికి, అది దాపుననున్న గుడ్డిదీపమో, క్రోసుదూరమున నున్న పెట్రోమాక్సు దీపమో తెలియదు గదా! ఈ చిక్కును విడదీయుటకు లోకమునకొక కొలబద్ద నిచ్చిన యిద్దరిలో నొకడు హైదరాబాదున పెరిగిన వైను బప్పు.

ఆయన 1927 ఆగస్టు 10వ తేదీన మద్రాసునందు జన్మించెను. వారి కుటుంబము కేరళదేశమునకు చెందినది. తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో ఉద్యోగి. నవాబు జఫర్ జంగు 1901లో స్థాపించిన యీ వేధశాల 1908లో నిజాము ప్రభుత్వము క్రిందికి వచ్చి, ఖైరతాబాదునకు చేరువను, అమీరుపేట, పంజాగుట్టల సమీపమున బేగంపేటయందు నెలకొనెను. ఆకాశమునందలి చుక్కల పట్టికను కూర్చుటకై పలుదేశములు కలిసి పూనిన మహాకార్యమున పాలుపంచుకొని, లక్షలకొలది నక్షత్రముల స్థానములను అచ్చట లెక్కకెక్కించిరి. అట్టిచోట పెరిగిన బప్పు, విద్యార్థిదశయందే కాంతి హెచ్చుతగ్గులగు నక్షత్రములను పరిశీలించి వ్యాసములు ప్రకటించెను.

1949లో హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థివేతనముతో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరెను. ఆ జూలైలోనే తాను తీసిన ఛాయాచిత్రమున నొక కొత్త తోకచుక్కను గుర్తించెను. బాక్, న్యూకర్క్ అనువారి పేర్లతోపాటు బప్పు పేరును దానికి పెట్టిరి. 1952లో డాక్టరు పట్టము నొంది, పిమ్మట ఓలిన్ విల్సనుతో కలిసి పరిశోధించెను. సూర్యునివంటివియు, అంతకంటె చల్లనివియు నగు నక్షత్రముల వెలుగును వర్ణములుగా విడదీసినపుడు, కాల్షియము వలన నేర్పడు నల్లని గీత నడుమ నొక వెలుగుగీత కానవచ్చును. అది యెంత వెడల్పైన నక్షత్రము నిజముగా నంత యధికకాంతి గలదని వారు నిరూపించిరి. నిజకాంతి తెలిసినచో, అగపడు కాంతితో పోల్చి దూరమును గణింపవచ్చును. 1957లో వెలువడిన ఈ సూత్రమునకు విల్సన్–బప్పు ఫలితమని పేరు.

అమెరికాయందే నిలిచియున్నచో పెద్ద దూరదర్శినులకు కొదువ యుండెడిది కాదు. అయినను 1953లో, అట్టివి లేని స్వదేశమునకు మరలివచ్చెను. కాశీలో ఆరంభమైన ఉత్తరప్రదేశ్ వేధశాలను నైనితాలునకు తరలించి నెలకొల్పెను. 1960లో కొడైకెనాలు వేధశాలకు అధిపతియయ్యెను. నగరదీపముల కాంతిలో చుక్కలు మాసిపోవును గనుక, చీకటిగల నిర్మలాకాశమును వెదకి, తమిళనాట జవ్వాది కొండలలోని కావలూరును ఎంచుకొనెను. అచ్చట 1968లో చిన్న దూరదర్శినిని, 1972లో ఒక మీటరు వ్యాసముగల దానిని నిలిపెను. ఆ యేడే గురుగ్రహపు ఉపగ్రహమగు గానిమీడునకు పలుచని వాయుమండలము గలదను జాడ అచ్చట దొరకెను.

పిదప 2.34 మీటర్ల దర్పణముగల దూరదర్శినిని స్వదేశముననే నిర్మింప పూనుకొనెను. 1979లో అంతర్జాతీయ ఖగోళశాస్త్ర సంఘము ఆయనను అధ్యక్షునిగా నెన్నుకొనెను. 1982 ఆగస్టున ఆ సంఘపు మహాసభ గ్రీసు దేశమున జరుగుచుండగా, అధ్యక్షుడు జర్మనీలోని మ్యూనిక్ నగరమున ఆసుపత్రిలో నుండెను. 19వ తేదీన అచ్చటనే, ఏబదియైదేండ్ల వయస్సున దివంగతుడయ్యెను. దూరదర్శిని అప్పటికింకను పూర్తికాలేదు. సహచరులు ఆ పనిని విడువక నెరవేర్చిరి. 1986 జనవరి 6వ తేదీన ప్రధాని రాజీవ్ గాంధీ దానిని ప్రారంభించి, బప్పు పేరనే దేశమున కంకితము చేసెను.

తాను చూడని దూరదర్శినితో తరువాతివారు చుక్కలను చూచుచున్నారు. గ్రంథాలయమునకు మొదటి పుస్తకము నిచ్చిన పెద్దలును, దానిని ముందుముందు ఎవరు చదువుదురో యెరుగక యిచ్చినవారే. ఈ గ్రామపు బాలబాలికలు రాత్రివేళ మేడపై నిలిచి చుక్కలను చూచునపుడు, హైదరాబాదున పెరిగిన ఆ బాలుని తలచుకొందురు గాక!