ఏడోసారి అందిన శిఖరం – టెన్జింగ్ నార్గే

ఎవరెస్ట్‌ను మొదట ఎక్కింది ఎవరన్న ప్రశ్న జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో తప్పకుండా ఉంటుంది. హిల్లరీ, టెన్జింగ్ అని తేదీతో సహా మేమూ బట్టీ పట్టాం. అంతకుముందు టెన్జింగ్ ఆరుసార్లు ఆ కొండ మీద నుంచి వెనక్కి దిగి వచ్చారన్న సంగతి మాత్రం పి.జి.లో చేరాకే చదివాం. అది మన హాస్టల్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

టెన్జింగ్ 1914లో జడల బర్రెలు కాచుకునే పేద షెర్పా కుటుంబంలో పుట్టారు. బడి ముఖం చూడలేదు. చదవడం, రాయడం రాకపోయినా చెవులతో విని ఎన్నో భాషలు నేర్చుకున్నారు. ఇరవై ఏళ్లు నిండకముందే ఇల్లు విడిచి డార్జిలింగ్ చేరారు. కొండలెక్కే దొరలు మూటలు మోయడానికి షెర్పాలను అక్కడే కూలికి కుదుర్చుకునేవారు.

1935లో ఎరిక్ షిప్టన్ బృందంలో ఆయనకు మొదటిసారి పని దొరికింది. 1936లో, 1938లో మళ్లీ వెళ్లారు. బరువులతో చాలా ఎత్తుకు చేరినందుకు టైగర్ పతకం వచ్చింది కానీ శిఖరం అందలేదు. 1947లో మరో ప్రయత్నమూ ఫలించలేదు. 1952లో స్విట్జర్లాండ్ బృందం ఆయనను కూలీగా కాక తమలో ఒకడిగా చూసింది. రేమండ్ లాంబర్ట్‌తో కలిసి దాదాపు 8,595 మీటర్ల దాకా వెళ్లి, ఇంకో 250 మీటర్లు ఉందనగా వెనుదిరిగారు. అదే ఏడాది చలికాలం ముందు మళ్లీ వెళ్లి, మళ్లీ దిగి వచ్చారు.

1953లో జాన్ హంట్ నాయకత్వాన వచ్చిన బ్రిటిష్ బృందంలో టెన్జింగ్ షెర్పాలకు సర్దార్. ఖాట్మండులో దొరలకు గదులిచ్చి షెర్పాలను మరుగుదొడ్డి కూడా లేని గ్యారేజీలో పడుకోమన్నారు. షెర్పాలు ఊరుకోలేదు, నిరసన తెలిపారు. ఆ అవమానంతోనే ప్రయాణం మొదలైంది. మే 26న మొదటి జంట శిఖరానికి కొద్ది దూరంలో ఆగిపోయింది. మే 29 ఉదయం 11.30కి హిల్లరీ, టెన్జింగ్ శిఖరం మీద నిలబడ్డారు. టెన్జింగ్ మిఠాయిలతో పాటు కూతురు నీమా ఇచ్చిన చిన్న పెన్సిలు ముక్కను అక్కడి మంచులో పూడ్చారు. అక్షరం రాని తండ్రి ప్రపంచంలోకెల్లా ఎత్తైన చోట ఉంచి వచ్చింది ఒక పెన్సిలు. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది మేమే కాబట్టి ఈ మాట చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాం.

తర్వాత హంట్‌కు, హిల్లరీకి సర్ బిరుదులు వచ్చాయి. టెన్జింగ్‌కు జార్జి పతకం ఇచ్చారు. ముందు అడుగు పెట్టింది ఎవరని లోకం వాదులాడింది. హిల్లరీయే ముందు అని 1955లో తన ఆత్మకథలో టెన్జింగ్ స్వయంగా చెప్పి ఆ వాదనకు తెర దించారు. ఇద్దరినీ ఒకే తాడు కలిపింది గనక ముందూ వెనుకా ఆయనకు పెద్ద విషయం కాదు.

1954లో డార్జిలింగ్‌లో హిమాలయన్ పర్వతారోహణ సంస్థ మొదలైంది. అక్కడ శిక్షణకు ఆయనే మొదటి డైరెక్టరు. తనకు ఎవరూ నేర్పని విద్యను వందలాది మందికి నేర్పించి, 1986 మే 9న కన్నుమూశారు.

ఆ సంస్థలోనే మన సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ కూడా శిక్షణ పొందారు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కి అంబేద్కర్ గారి, ఎస్.ఆర్. శంకరన్ గారి ఫొటోలు అక్కడ పెట్టారు. అప్పటికి పూర్ణకు పధ్నాలుగేళ్లు కూడా నిండలేదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఒక సబ్జెక్టు పోయిందనో, ఒక ఎంట్రన్సులో సీటు రాలేదనో పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్లిపోవాలనిపిస్తే ఆ ఆరు ప్రయాణాలను ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. వెళ్లిన ప్రతిసారీ ఆయన దారిని ఇంకాస్త నేర్చుకునే తిరిగి వచ్చారు.