సయాజీ ఊ బా ఖిన్

రంగూను పేరు వినగానే పొట్ట చేతపట్టుకొని ఓడలెక్కిన తెలుగువారి గాథలు స్ఫురణకు వస్తాయి. ఆ నగరంలోనే 1899 మార్చి 6న ఒక సామాన్య కుటుంబంలో ఊ బా ఖిన్ జన్మించారు. చదువులో మేటి అయినప్పటికీ పాఠశాల విద్య ముగియగానే కుటుంబభారం ఆయన భుజాలపై పడింది. కొంతకాలం ఒక పత్రికా కార్యాలయంలో పనిచేసి, పిమ్మట అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో గుమాస్తాగా చేరారు.

1937 జనవరిలో ఒక సాధకుని వలన ఆయనకు ఆనాపానం పరిచయమైంది. ఆనాపానమంటే ఉచ్ఛ్వాస నిశ్వాసలను గమనించడం. ఇది చూడటానికి సులభం, చేయటానికి కష్టం. నాసికాద్వారాల వద్ద, పైపెదవి మీద శ్వాస తాకే చోట మనస్సును నిలపాలి. శ్వాసను బిగబట్టరాదు, పొడిగించరాదు. ఉన్నది ఉన్నట్లు ఎరుకతో చూడాలి. నాలుగు శ్వాసలు గడవకముందే మనస్సు నిన్నటి కలహానికో రేపటి కోరికకో పరుగు తీస్తుంది. అప్పుడు విసుగుకు లోనుగాక దానిని మెల్లగా వెనుకకు తీసుకురావాలి. ఇలా చిత్తం కుదుటపడిన తరువాత శరీరమంతటా పుట్టి గిట్టే సంవేదనలను సమభావంతో పరికించడమే విపశ్యన.

ఈ అభ్యాసాన్ని సంపూర్ణంగా నేర్వాలని సంకల్పించి ఆయన సెలవు కోరి, హుటాహుటిన సయా తెట్ జీ అనే గృహస్థ గురువు ఆశ్రమానికి వెళ్లారు. సంసారి జీతం పోగొట్టుకొనుట సామాన్యమైన సాహసం కాదు. తిరిగి వచ్చేసరికి బల్లపై ఒక పెద్ద కవరు కనిపించింది. ఉద్యోగం ఊడిందని తలచి విప్పగా, అది పదోన్నతి ఉత్తర్వు!

1941లో అధికార పర్యటనలో ఉండగా వెబూ సయాడో అనే భిక్షువు, నేర్చినదానిని ఇతరులకు పంచమని ఆయనకు ఉపదేశించారు. ఆయన తొలి బోధ రైలుపెట్టెలోనే ఒక రైల్వే ఉద్యోగికి జరిగింది. 1948లో స్వతంత్ర బర్మాకు మొదటి అకౌంటెంట్ జనరల్ అయ్యారు. తన కార్యాలయ ఉద్యోగులకూ ధ్యానం నేర్పారు. 1952లో రంగూనులో అంతర్జాతీయ ధ్యానకేంద్రాన్ని నెలకొల్పారు. 1956 నుండి 1959 వరకు మూడు ఉన్నత పదవులను ఏకకాలంలో నిర్వహిస్తూనే సాధకులకు మార్గదర్శనం చేశారు. తీరిక లేదనే సాకుకు ఆయన దినచర్యలో చోటు లేదు.

1955లో సత్యనారాయణ గోయెంకా అనే వర్తకుడు భరించరాని తలనొప్పితో ఆయనను ఆశ్రయించాడు. మార్ఫిను సూదిమందు తప్ప ఆ బాధకు ఉపశమనం లేదు. అయినా తలనొప్పి కోసమైతే రావద్దని గురువు నిరాకరించారు. మనోమాలిన్యం తొలగించుకోవడమే లక్ష్యమైతే రమ్మన్నారు. చేరదలచినవానిని ఇలా వారించడం కఠినంగానే తోస్తుంది. గోయెంకా కొన్ని నెలలు తటపటాయించి, చివరకు శిష్యుడయ్యాడు.

భారతదేశం నుండి అందిన విద్యను భారతదేశానికే తిరిగి ఇవ్వాలని ఊ బా ఖిన్ తహతహలాడారు. కాని ఆనాటి బర్మాలో విదేశయాత్రకు ఆయనకు అవకాశం చిక్కలేదు. ఆ భారాన్ని స్వీకరించిన గోయెంకా 1969లో ఈ దేశానికి వచ్చి బొంబాయిలో తొలి శిబిరం నిర్వహించాడు. కాలక్రమంలో హైదరాబాదు సమీపాన ధమ్మఖేత్తం వెలసింది. దానిని చూడకుండానే, 1971 జనవరి 19న ఊ బా ఖిన్ రంగూనులో కన్నుమూశారు.