పదిహేనేళ్ల జవాహర్, పరాయి దేశపు పాఠశాల

1905 మే నెలాఖరున డోవర్ రేవు నుంచి లండన్‌కు సాగుతున్న రైలులో ఒక భారతీయ బాలుడు వార్తాపత్రిక చదువుతున్నాడు. త్సుషిమా జలసంధి వద్ద జపాన్ నౌకాదళం రష్యా నౌకాదళాన్ని చిత్తుగా ఓడించిన వార్త అందులో ఉంది. ఒక ఆసియా దేశం ఐరోపా సామ్రాజ్యాన్ని జయించిందన్న సంగతి ఆ బాలుడిని ఉప్పొంగించింది. తల్లిదండ్రులు, ఐదేళ్లయినా నిండని చెల్లెలు అతని వెంట ఉన్నారు. నాలుగు దశాబ్దాల తరువాత స్వతంత్ర భారత తొలి ప్రధానమంత్రి అయిన జవాహర్‌లాల్ నెహ్రూయే ఆ బాలుడు. ప్రఖ్యాత హారో పాఠశాలలో చేరేందుకు ఆయన ఇంగ్లండ్‌కు వచ్చారు.

1889 నవంబర్ 14న అలహాబాద్‌లో జన్మించిన జవాహర్‌కు దాదాపు పదకొండేళ్లు వచ్చేవరకు తోబుట్టువులు లేరు. తండ్రి మోతీలాల్ పేరుమోసిన న్యాయవాది. కుమారుని చదువు ఎక్కువగా ఇంటివద్దే సాగింది. ఫెర్డినాండ్ బ్రూక్స్ అనే ఉపాధ్యాయుడు సుమారు మూడేళ్లపాటు ఆనంద భవన్‌లో ఉండి చదువు చెప్పారు. పుస్తకాలపై మక్కువ, విజ్ఞానశాస్త్రంపై ఆసక్తి ఆయన నుంచే అలవడ్డాయి. ఇంట్లోనే చిన్న ప్రయోగశాల కూడా ఏర్పడింది. అయితే తోటి విద్యార్థులతో కిక్కిరిసిన తరగతి గది, గంట మోగగానే లేచి పరుగెత్తే దినచర్య ఆ బాలునికి కొత్త.

హారో 1572లో రాజశాసనంతో ఏర్పడిన పాఠశాల. ఇంగ్లండ్ పాలకవర్గాల కుటుంబాలు తమ కుమారులను అక్కడికి పంపేవి. విన్‌స్టన్ చర్చిల్ అంతకు కొన్నేళ్ల ముందు అక్కడే చదివారు. తన కుమారుడు ఆంగ్ల విద్యలో అగ్రశ్రేణిలో నిలవాలని, వీలైతే ఇండియన్ సివిల్ సర్వీసులో చేరాలని మోతీలాల్ ఆశించారు. సాధారణంగా విద్యార్థులు చేరే వయసు కొంత దాటినా జవాహర్‌కు అదృష్టవశాత్తు అక్కడ చోటు దొరికింది. తల్లిదండ్రులు కొన్ని నెలలు ఐరోపాలో గడిపి స్వదేశానికి తిరిగివెళ్లారు.

అపరిచితుల నడుమ ఒంటరిగా మిగలడం జవాహర్‌కు అదే తొలిసారి. ప్రధానోపాధ్యాయుడు జోసెఫ్ వుడ్ పర్యవేక్షణలోని వసతిగృహంలో ఆయనకు బస ఏర్పాటైంది. తొలి రోజుల్లో ఇంటిమీద బెంగ వెన్నాడింది. లాటిన్ అంతగా రాకపోవడంతో కింది తరగతిలో కూర్చోబెట్టారు. అనేక విషయాల్లో తోటివారికంటే ముందున్న విద్యార్థికి అది చిన్న పరీక్ష కాదు. అయినా త్వరలోనే పై తరగతికి చేరుకున్నారు. ఆటల్లో ప్రతిభ చూపకపోయినా తప్పించుకోలేదు. పాఠశాల సైనిక శిక్షణ దళంలోనూ చేరారు. చదువు, ఆటలు పగటిని నింపేయడంతో బెంగ క్రమంగా తగ్గింది. కానీ తాను వారిలో ఒకడిని కాదన్న భావన మాత్రం చివరివరకు పోలేదు.

అప్పట్లో హారోలో నలుగురైదుగురు భారతీయ విద్యార్థులు ఉండేవారు. బరోడా రాజకుమారుడు క్రికెట్‌లో రాణించి అందరి అభిమానం పొందారు. ఆ తరువాత వచ్చిన మరో సంస్థానపు రాజకుమారుడు అక్కడి పద్ధతులకు ఏమాత్రం ఇమడలేక ఎగతాళికి గురయ్యారు. జవాహర్ ఈ ఇద్దరి దారిలోనూ నడవలేదు. అందరితో కలిసి ఆడుతూనే మనసులో కొంత ఎడంగా ఉండిపోయారు.

ఆ ఎడాన్ని వార్తాపత్రికలు, ఉత్తరాలు నింపాయి. 1906 ఆరంభంలో బ్రిటన్ ఎన్నికల్లో లిబరల్ పార్టీ ఘనవిజయం సాధించింది. కొత్త ప్రభుత్వం గురించి ఉపాధ్యాయుడు తరగతిలో ప్రశ్నించినప్పుడు సమాధానం చెప్పగలిగింది జవాహర్ ఒక్కరే. ప్రధానమంత్రి కాంప్‌బెల్-బానర్‌మన్ మంత్రివర్గంలోని పేర్లను ఆయన దాదాపు పూర్తిగా చెప్పేశారు. తోటి విద్యార్థులకు ఆటలు తప్ప మరో మాట తెలియదని తండ్రికి రాసిన ఉత్తరంలో వాపోయారు. రైట్ సోదరుల విమానయాన ప్రయోగాలు తెలిసి, త్వరలోనే వారాంతంలో విమానమెక్కి ఇంటికి వచ్చిపోవచ్చునని మరో ఉత్తరంలో మురిసిపోయారు. ఓడల మీద ఉత్తరాలు వారాల తరబడి ప్రయాణించిన కాలమది. ఇంటికి దూరమైన పిల్లవాడి తపన ఆ ఊహలో తెలుస్తుంది. ఆ మొదటి శీతాకాలంలోనే అలహాబాద్‌లో తమ్ముడు పుట్టి కొద్ది వారాలకే కన్నుమూశాడు. తల్లి స్వరూప్ రాణి దుఃఖంలో ఉన్నప్పుడు పెద్దకొడుకు పక్కన లేరు.

మాతృదేశంలోనూ అప్పుడే కల్లోలం మొదలైంది. 1905 అక్టోబర్‌లో బెంగాల్ విభజన అమలై స్వదేశీ ఉద్యమం విస్తరించింది. 1907లో లాలా లజపతిరాయ్, అజిత్ సింగ్‌లను ప్రభుత్వం దేశం నుంచి బహిష్కరించింది. ఇంగ్లండ్ పత్రికల్లో అరకొరగా వచ్చే ఈ వార్తలు జవాహర్‌ను కలవరపరిచాయి. వాటి గురించి మనసు విప్పి మాట్లాడేందుకు హారోలో ఎవరూ లేరు. సెలవుల్లో బంధువులను కలిసినప్పుడే ఆ అవకాశం దొరికేది. చదువులో రాణించినందుకు బహుమతిగా ట్రెవెల్యాన్ రచించిన గారిబాల్డి చరిత్ర ఆయన చేతికి వచ్చింది. ఇటలీ విముక్తి పోరాటాన్ని చదువుతుంటే భారతదేశంలోనూ అలాంటి సమరం జరిగినట్లు కలలు కన్నారు. అంతటి ఊహలకు హారో ఇరుకుగా తోచింది. విశ్వవిద్యాలయానికి వెళ్లాలన్న తన కోరికకు తండ్రిని ఒప్పించారు.

రెండేళ్ల తరువాత, 1907లో, హారోను వీడే రోజున ఆయన కళ్లు చెమర్చాయి. ఆ దుఃఖంలో ఎంత తనదో, పాఠశాల సంప్రదాయం నేర్పినది ఎంతో అన్న సందేహాన్ని ఆత్మకథలో నిజాయితీగా వ్యక్తం చేశారు. అదే ఏడాది అక్టోబర్‌లో కేంబ్రిడ్జ్‌లోని ట్రినిటీ కళాశాలలో చేరారు. రసాయన, భూగర్భ, వృక్షశాస్త్రాలు అభ్యసించి 1910లో ఆనర్స్ పట్టా పొందారు.

విదేశీ విద్యకు ఆయన మూల్యం కూడా చెల్లించారు. తూర్పు, పడమరల కలయికగా మారిన తాను ఎక్కడా పూర్తిగా ఇమడలేకపోతున్నానని నడివయసులో, జైలులో రాసిన ఆత్మకథలో అంగీకరించారు. అయితే హారోలో దూరాన్ని ఉత్తరాలతో దాటడం నేర్చుకున్న బాలుడు ఆ అలవాటును విడిచిపెట్టలేదు. 1926లో, భార్య కమల చికిత్స కోసం స్విట్జర్లాండ్ వెళ్లినప్పుడు, ఎనిమిదేళ్ల ఇందిరను జెనీవాలో పాఠశాలలో చేర్పించారు. ఈసారి పరాయి తరగతి గదిలో అడుగుపెట్టింది ఆయన కుమార్తె. ఆ తరువాత 1930-33 మధ్య జైలు గోడల నడుమ నుంచి ఆమెకు ప్రపంచ చరిత్రను ఉత్తరాలుగా రాశారు. తండ్రి దగ్గర లేని బిడ్డకు లోకం ఎంత అవసరమో తెలిసిన మనిషి రాసిన ఉత్తరాలవి.