ఫోలిక్ యాసిడ్‌ను ఇచ్చిందీ, అడ్డుకున్నదీ ఆయనే

రొమ్ము క్యాన్సర్‌కు కీమో మొదలైన కొద్ది రోజులకే చాలా ఇళ్లలో మంచం పక్కన ఇంకో మందుల డబ్బా చేరుతుంది. క్యాన్సర్ డాక్టరు రాసినవి కావవి. నీరసంగా ఉందని మెడికల్ షాపులో అడిగి తెచ్చిన ఐరన్ క్యాప్సూళ్లు, జింక్ మాత్రలు, అమెరికా నుంచి అబ్బాయి పంపిన విటమిన్ల సీసా. రక్తం పడుతుందని కొనే ఐరన్ మాత్రల్లో చాలావాటిలో ఫోలిక్ యాసిడ్ కూడా కలిసే ఉంటుంది. ఆ ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన యల్లాప్రగడ సుబ్బారావు. దానికి అడ్డుకట్ట వేసే క్యాన్సర్ మందు వచ్చిందీ ఆయన బృందం నుంచే.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువులో మొదట చురుకేమీ కాదు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. చదువు మానేస్తానన్నా తల్లి వెంకమ్మ ఊరుకోలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక గాంధీజీ ప్రభావంతో ఖద్దరు కట్టారు. అది తెల్ల ప్రొఫెసరుకు నచ్చలేదని, అందుకే ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టా దక్కిందని చెబుతారు. పట్టా చిన్నదైతేనేం, తర్వాత ఎన్ని పెద్ద పట్టాలవాళ్లు ఆయన దగ్గర పనిచేశారో!

ఆ ఇంటిని స్ప్రూ అనే జబ్బు దెబ్బతీసింది. పేగులు తిన్నదాన్ని ఒంటికి పట్టనివ్వవు. విరేచనాలు, నోటిపూత, రక్తహీనతతో మనిషి ఎండిపోతాడు. ఇద్దరు అన్నదమ్ములను ఆ జబ్బే తీసుకెళ్లింది. స్ప్రూలో శరీరానికి కొరవడే వాటిలో ముఖ్యమైనది ఫోలిక్ యాసిడ్ అని అప్పటికి ఎవరికీ తెలియదు.

మామగారి సాయంతో 1923లో ఆయన బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో చేరారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్లీ స్వదేశం రాలేదు. అక్కడ ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రి పనులు చేస్తూ, పగలు సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రకటించారు. ఒక ఖనిజాన్ని కచ్చితంగా కొలవడం చేతికొచ్చాకే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ బయటపడ్డాయి. మా వైద్య విద్యార్థులకు బయోకెమిస్ట్రీలో ఫిస్క్-సుబ్బారావు అన్న పేరు ఇప్పటికీ తగులుతుంది.

1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో చేరి పరిశోధనకు నాయకత్వం వహించారు. కాలేయంలో అతికొద్దిగా ఉండే ఫోలిక్ యాసిడ్‌ను వేరుచేయడం గగనమైపోయేది. ఆయన బృందం 1945లో దాన్ని రసాయనికంగా తయారుచేసింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూకు అది చక్కగా పనిచేసింది. గర్భిణులకు ఈరోజు మనం ఇచ్చే మాత్ర అదే.

కథ ఇక్కడితో ఆగితే అంతా శుభమే. అదే రోజుల్లో న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ ఆసుపత్రి పరిశోధకులు, రొమ్ము క్యాన్సర్ ఉన్న చిట్టెలుకలకు ఈ కుటుంబానికి చెందిన పదార్థాన్ని ఇస్తే గడ్డలు తగ్గాయని రాశారు. విటమిన్‌తో క్యాన్సర్ కరుగుతుందంటే ఎవరికి ఆశ కలగదు? లెడర్లీ అలాంటి పదార్థాలను తయారుచేసి ఇచ్చింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ వాటిని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు వాడి చూశారు. జబ్బు తగ్గకపోగా ముదురుతున్నట్టు కనిపించింది.

కణం రెండుగా చీలాలంటే కొత్త డీఎన్ఏ కావాలి. దాని తయారీకి ఫోలిక్ యాసిడ్ కావాలి. ఎండిపోయిన స్ప్రూ రోగి మజ్జకు ప్రాణం పోసిన పదార్థమే, ఆగకుండా చీలే క్యాన్సర్ కణానికీ మేత. సుబ్బారావు బృందం అప్పుడు ఫోలిక్ యాసిడ్‌ను పోలిన నకిలీలు తయారుచేసింది. తాళంలో దూరుతుంది గానీ తిరగని తాళంచెవి లాంటివి. అందులో ఒకటైన అమినోప్టెరిన్‌తో 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు నిద్రలో గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 53.

అమినోప్టెరిన్ తోబుట్టువే మెథోట్రెక్సేట్. 1976లో ఇటలీలోని మిలాన్ వైద్యులు, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత దీన్ని మరో రెండు మందులతో కలిపి ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని చూపారు. ఈ మూడు మందుల కీమో వాడకం ఇప్పుడు తగ్గింది గానీ దశాబ్దాల పాటు అదే ఆధారం.

ఇక మంచం పక్కన డబ్బా సంగతి. రొమ్ము క్యాన్సర్‌కు కీమో తీసుకున్న 1,134 మందిని అడిగి చేసిన అమెరికా అధ్యయనం 2020లో వచ్చింది. కీమో సమయంలో ఐరన్ వాడినవారిలో, కీమోకు ముందూ ఆ సమయంలోనూ బి12 వాడినవారిలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. మామూలు మల్టీవిటమిన్‌తో అలా కనిపించలేదు. ఇది ఆ మాత్రలే కారణమని తేల్చిన రుజువు కాదు. అయినా అడగకుండా వేసుకోకపోవడానికి ఆ మాత్రం అనుమానం చాలు. కీమోలో రక్తం తగ్గేది చాలాసార్లు మందు మజ్జను అణచడం వల్ల. ఐరన్ లోపం ఉందో లేదో ఫెరిటిన్ పరీక్షతో చూసుకుని, ఉంటే డాక్టరే రాస్తారు. కెపెసిటబిన్ మాత్రలు వాడేవారు ఫోలిక్ యాసిడ్ కలిపితే విరేచనాలు, అరచేతులు, అరికాళ్ల మంట పెరుగుతాయి. బి-కాంప్లెక్స్ స్ట్రిప్ వెనక ఆ పేరుందేమో చూడండి. లెట్రోజోల్, అనస్ట్రోజోల్ వాడేవారికి ఎముకలు పలచబడతాయి కాబట్టి కాల్షియం, విటమిన్ డి మేమే రాస్తాం. ఎముకలకు పాకిన జబ్బులో మాత్రం రక్తంలో కాల్షియం ముందే పెరిగి ఉండవచ్చు. అక్కడ పరీక్ష లేకుండా కాల్షియం వేయకూడదు. తర్వాతి ఓపీకి వచ్చేటప్పుడు ఆ డబ్బా మొత్తం సంచిలో వేసుకుని రండి.

కీళ్లవాతానికి వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ వేసుకునేవారు మాత్రం ఇది చదివి ఫోలిక్ యాసిడ్ ఆపకండి. వారికి నోటిపూత, కాలేయ ఇబ్బందులు రాకుండా డాక్టరు కావాలనే దాన్ని రాస్తారు.