సరోజినీదేవి గృహధర్మము

తల్లి యింటిపట్టున నుండవలయునా, వెలుపలి కార్యములకు బోవచ్చునా యను వివాదము మన సంఘమున జిరకాలముగా సాగుచున్నది. తల్లి గడప దాటినచో బిడ్డలు దిక్కులేనివారగుదురని యొకపక్షమువారు భయపడుదురు. విద్యావతి వంటయింటికే కట్టువడినచో నామె చదువు నిష్ఫలమని రెండవపక్షమువారు వాదింతురు. మేము తీర్పు చెప్పుటకు ముందుగా, ఈ నగరముననే పుట్టి, నలుగురు బిడ్డల గని, దేశదేశములు తిరిగిన యొక తల్లి చరిత్రమును జదువరుల యెదుట నుంచుచున్నాము. కాచిగూడ వారికామె యిల్లు దూరము గాదు. ఆబిడ్సు దాటి నాంపల్లి దారి బట్టినచో గోల్డెన్ త్రెషోల్డు అను గృహము కానవచ్చును. అది యొకప్పుడు శ్రీమతి సరోజినీనాయుడుగారి నివాసము.

ఆమె 1879వ సంవత్సరము ఫిబ్రవరి 13వ తేదీన హైదరాబాదున జన్మించెను. తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయులుగారు ఎడింబరోలో విజ్ఞానశాస్త్రమున డాక్టరు పట్టము నొందిన బ్రహ్మసామాజికులు. తరువాత నిజాము కళాశాలగా వర్ధిల్లిన విద్యాలయమునకు మూలపురుషులు. తల్లి వరదసుందరీదేవి వంగభాషలో గీతములు రచించినది. ఆడుబిడ్డ యని కొమార్తె చదువున కా యింట నడ్డు గలుగలేదు. ఆమె పండ్రెండవయేటనే మద్రాసు మెట్రిక్యులేషను పరీక్షయందు గృతార్థురాలై, 1895లో నిజాము ప్రభుత్వపు విద్యార్థివేతనముతో నింగ్లండునకు బోయి, 1898లో మరలి వచ్చెను.

ఆ సంవత్సరము డిసెంబరులోనే మద్రాసున డాక్టరు ముత్యాల గోవిందరాజులునాయుడుగారితో నామెకు వివాహమయ్యెను. వధువు వంగదేశపు బ్రాహ్మణకుటుంబమునకు జెందినది. వరుడు బ్రాహ్మణేతరుడైన తెలుగువాడు. 1872 నాటి వివాహశాసనము ననుసరించి కందుకూరి వీరేశలింగము పంతులుగారే యా పెండ్లి జరిపించిరి. కులమును గాక మనస్సును జూచి జరిగిన పెండ్లి యగుటచే, ఆ సంసారమున నెవరి పని యేది యను ప్రశ్నకు సయితము పాత ఆచారము గాక దంపతుల పరస్పర సమ్మతియే సమాధానమయ్యెను.

కొలది సంవత్సరములలోనే జయసూర్య, పద్మజ, రణధీర, లీలామణి యను నలుగురు బిడ్డలు కలిగిరి. ఆమె దేహమా బలహీనము. అయినను బిడ్డలు పసివారై యుండగనే 1905లో నామె ప్రథమ కవితాసంపుటము లండనులో వెలువడెను. ఆ గ్రంథము పేరే యా యింటికిని బేరు. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి నగరమును ముంచినపుడు, కడగొట్టుబిడ్డ యింకను జిన్నదిగా నుండగనే యామె బాధితుల సేవకు బూనెను. అందులకై ప్రభుత్వమువారొసగిన కైజర్-ఇ-హింద్ పతకమును 1919లో జలియన్‌వాలాబాగు దారుణమునకు నిరసనగా మరల నిచ్చివేసెను.

అటుపిమ్మట నామె యాత్రల కంతము లేదు. 1917లో స్త్రీలకు వోటుహక్కు గోరుచు మాంటేగు దొరగారిని మద్రాసున గలిసికొన్న మహిళల కామె నాయకురాలు. 1925లో కాన్పూరు కాంగ్రెసున కధ్యక్షురాలు. 1930లో ధరాసన యుప్పుసత్యాగ్రహమున జెఱకు బోయెను. అయినను వోటు వచ్చినంతమాత్రమున స్త్రీ మాతృధర్మమును విడనాడునని పురుషులు భయపడనక్కఱలేదని యామె 1918 బొంబాయి కాంగ్రెసున నచ్చజెప్పెను.

ఇచట నొక యాక్షేపణము కలదు. దానిని మేము దాచము. బిడ్డలు యౌవనమున బ్రవేశించుచున్న కాలమున తల్లి నెలల తరబడి దూరముననుండెను. ఆమె వారికి వ్రాసిన జాబులు పెక్కులు. కాని యెంత ప్రేమతో వ్రాసినను జాబు తల్లి చేయి గాదు. కుమారుడు జయసూర్య వైద్యుడై 1952లో లోకసభకు నెన్నికగుటయు, పద్మజ 1956లో పశ్చిమవంగ గవర్నరగుటయు నీ లోటును బూడ్చినవని మేము వాదింపము. బిడ్డల పదవులు తల్లి ప్రేమకు దూనికరాళ్లు గావు.

మేము చెప్పదలచిన మాట వేఱు. ఆమె దేశములు తిరుగుచుండగా గోవిందరాజులునాయుడుగారు హైదరాబాదున నిలిచి వైద్యవృత్తి సాగించిరి, ఇల్లు చెదరలేదు. తల్లి బయలుదేరునపుడు తండ్రి యింటివైపు నొక యడుగు వేసినచో బిడ్డల కనాథత్వము గలుగదు. తండ్రి కదలనిచో తల్లి యింటనున్నను బిడ్డలకు సగము ప్రేమయే దక్కును. కావున భార్యను నిలువరించు గృహస్థుడు ముందుగా దన పాలి భారమెంతయో లెక్కించుకొనవలయును.

మఱియొక మాట. సరోజినీదేవి యింట పరిచారకులుండిరి. మన వీధులలో నిటుకలు మోయు తల్లి బిడ్డను చెట్టునీడ నుయ్యెలగట్టి పనిచేయును. ఆమె గడప దాటవచ్చునా యని యే సభయు జర్చింపలేదు. ఆమె బిడ్డకు నీడ గల్పింపవలెననియు ననేకులకు దోపలేదు. కలవారి గడపను గూర్చి మాత్రమే సాగు వాదము ధర్మవిచారము గాదు.

సరోజినీదేవి 1947లో సంయుక్తరాష్ట్రమునకు గవర్నరై, 1949వ సంవత్సరము మార్చి 2వ తేదీన లక్నోలో పరమపదించెను. 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయము ఆమె యింటనే తన పని నారంభించెను. ఒక తల్లి దాటిన గడపను దాటి యెందఱో కుమార్తెలు చదువునకై లోనికి వచ్చిరి. వారు తల్లులైననాడు వారి భర్తలు గోవిందరాజులుగారివలె నిలుతురా? ఈ వివాదమున మిగిలిన ప్రశ్న యిదియే. దీనికి బదులు చెప్పవలసినవారు తల్లులు గారు.